ఇరుసు పైకి, బండి కిందికి

ఇంటి నుంచి,
వెనక షెడ్డు గడప మీద కూర్చుని

తమ్ముడికి అక్క దీవెనలు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏంటి అనుకుంటావేమో. ఫోన్‌లో అయితే నువ్వు "అక్కా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ముక్కు చీదుకోవడమే తప్ప మాట ముందుకు పోదు. కాగితం మీద ఏడ్చినా అక్షరం ఆగదు. నా చదువు ఏపాటిదో నీకు తెలుసు కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మావాడు, మన చిన్నా బండి గురించి రాస్తున్నాను. ఆ పికప్‌ని నేలబారుగా దించాలని వాడికి ఎంత పిచ్చో నీకు తెలియనిది కాదు. ముందు భాగం దించేశాడు. వెనక భాగం ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అంటూ ఉండగానే జ్వరమని పడుకున్నాడు. మిగతాది నీకూ తెలుసు, నేను మళ్ళీ రాయలేను.

ఇప్పుడు ఆ బండి షెడ్డులో ముక్కు కిందికి వంచి, నడుం పైకెత్తి నిలబడి ఉంది. నీళ్ళు తాగుదామని వంగిన గేదెలా ఉంది. వంగింది కానీ తాగిందీ లేదు, లేచిందీ లేదు. బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా దాన్ని దాటే వెళ్ళాలి. మీ బావ అటు చూడడు. బస్సు నడపడం కూడా మానేశాడు. డిపోలో చెప్పి, టైములు రాసే గదిలో బల్ల ముందు కూర్చుంటున్నాడు. ఇక స్టీరింగు ముట్టడట. నాతో అనలేదు, ఎవరితోనో అంటుంటే విన్నాను.

నువ్వు కమాన్లు చేసేవాడివి. వెనక భాగం ఎలా దించుతారో నాకు అర్థమయ్యేలా రాసి పంపు. నేనే దించుతాను. నవ్వకు.

మీ అక్క

---

కమాన్ల షాపు నుంచి,
కొలిమి చల్లారాక

అక్కకి నమస్కారాలు.

నవ్వలేదు. నీ ఉత్తరం చదివి జేబులో పెట్టుకుని పని చేశాను, మసి అంటుకుంది, మళ్ళీ తీసి చదివాను.

అక్కా, నా మాట విను. అది ఆడవాళ్ళ పని కాదని నేననడం లేదు, అంటే నీ మరదలు నన్ను బతకనివ్వదు. అసలు అది పనికొచ్చే పనే కాదంటున్నాను. నా బతుకంతా బళ్ళని పైకి లేపడానికే సరిపోయింది. బరువులకి వంగిపోయిన కమాను పట్టీలు తెస్తారు, కాల్చి, వంపు ఎక్కించి, మళ్ళీ నిలబెట్టి పంపుతాను. మన చిన్నాగాడేమో, "మావయ్యా, నువ్వు లేపుతుండు, నేను దించుతుంటాను, ఒకే షాపుకి రెండు బోర్డులు పెడదాం" అనేవాడు. నవ్వి ఊరుకునేవాణ్ణి.

బరువు మొయ్యాల్సిన బండిని దించేస్తే అది బరువు మొయ్యదు. దానికన్నా, బావ చెల్లెలి కొడుకు ఇటుకలు తోలుకుని బతుకుతున్నాడు కదా, వాడికి ఇస్తే అక్కరకొస్తుంది. ముందు భాగం నేను వచ్చి ఎప్పట్లా లేపి పెడతాను. నీ కళ్ళ ముందు లేకపోతే నీకూ కాస్త తెరిపిగా ఉంటుంది.

వేళకి తింటున్నావా?

నీ తమ్ముడు

---

ఇంటి నుంచి,
బండి కింద నుంచి అనుకో

తమ్ముడికి,

ఇటుకల పిల్లాడికి బండి ఇవ్వాలన్న సంగతి నేను నీకు రాయలేదు. మరి నీ చెవిన ఎవరు వేశారు? మీ బావ నీకు ఫోన్ చేశాడా? నాతో మాట్లాడ్డానికి మాటలు లేని మనిషికి నీతో మాట్లాడ్డానికి వచ్చాయన్నమాట. పోనీలే, ఎవరితో మాట్లాడినా మంచిదే.

నిజమే, మీ బావ మాటిచ్చేశాడు. నెలాఖరుకి ఆ పిల్లాడు వచ్చి బండి తీసుకుపోతాడు. ముందు భాగం పైకి లేపించుకుంటాడు, ఇటుకలు వేసుకుంటాడు. మంచి పిల్లాడే, వాడి మీద నాకేం కోపం లేదు. కానీ తమ్ముడూ, వాడు వచ్చేలోగా ఆ బండి చిన్నా అనుకున్నట్టు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నిలబడాలి. నాకు కావలసింది అంతే. ఆ తర్వాత ఏ గంగలో కలిసినా అడగను.

నిన్న ఎదురింటావిడ వచ్చింది. గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది చూడు, మీ ఆవిడ "మగరాయుడు" అనేది, ఆవిడే. "వదినా, రోజూ ఆ గడపలో కూర్చుని దాని మొహం చూస్తావేంటి? దాని కిందేముందో చూద్దాం పద" అంది. జాకీ తెచ్చింది. ఇద్దరం గోనెసంచులు పరుచుకుని కిందికి దూరాం.

నాకు తెలియక అడుగుతాను, ఇంత సంగతి కింద జరుగుతుంటే పైన కూర్చున్నవాళ్ళకి ఒక్క ముక్క కూడా తెలియదా? నేనెన్నిసార్లు ఆ బండెక్కాను, సీటు మెత్తగా ఉందా లేదా అని తప్ప ఇంకోటి చూడలేదు. కింద పడుకుని పైకి చూస్తే, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి ఒక లావుపాటి ఇనప గొట్టం, నడిమధ్యలో నిండుచూలాలి పొట్టలా ఒక గుండు. దాని మీద అటొకటి, ఇటొకటి నీ కమాను కట్టలు. అన్నిటికన్నా పొడుగు పట్టీ పైన, దాని కింద కాస్త పొట్టిది, దాని కింద ఇంకాస్త పొట్టిది. పెద్ద తోబుట్టువుని చిన్నవాళ్ళంతా కలిసి భుజాల మీద మోస్తున్నట్టు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మట్టి రాలి నోట్లో పడింది. ఎదురింటావిడ "మూసుకో వదినా, గుళ్ళో కాదు ఉన్నది" అంది.

మావాడు ఆ కిందే కదా తెల్లవార్లూ ఉండేది. పిలిస్తే పలికేవాడు కాదని తిట్టేదాన్ని. ఇప్పుడు తెలిసింది, ఎలా పలుకుతాడు!

ఎలా దించాలో రాస్తావా, లేక మేమే ఏదో ఒకటి విప్పెయ్యమా?

అక్క

---

షాపు నుంచి,
నీ బెదిరింపు అందిన రోజే

అక్కా,

ఏదీ విప్పొద్దు! చెప్తాను.

ఆ గొట్టమే ఇరుసు. ఇరుసు మీద రెండు చోట్ల చిన్న పీటల్లాంటివి అతికించి ఉంటాయి. కమాను కట్ట ఆ పీట మీద కూర్చుంటుంది, యూ బోల్టులు దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. కమాను మీద బండి కూర్చుంటుంది. అంటే ఇరుసు నెత్తిన కమాను, కమాను నెత్తిన బండి. అందుకే వెనక భాగం అంత ఎత్తు.

దించాలంటే వాటి చోట్లు మార్చాలి. కమాను ఇరుసు పైన కాకుండా ఇరుసు కింద ఉండాలి. అప్పుడు ఇరుసు పైకి పోతుంది, బండి కిందికొస్తుంది. ఒక్క పట్టీ కొయ్యక్కర్లేదు, ఒక్క పట్టీ కాల్చక్కర్లేదు. మొదట విన్నప్పుడు నాకే దిమ్మ తిరిగింది. ఇన్నేళ్ళు కొలిమి దగ్గర చెమటోడుస్తున్నాను, ఉన్నచోటు మారిస్తే చాలని నాకు తట్టలేదు. చిన్నాగాడు అగ్గిపెట్టె, రెండు పుల్లలు పెట్టి చూపించాడు.

అయితే పీటలు ఇరుసు పైన ఉన్నాయి, మనకి కింద కావాలి. కొత్త పీటలు నేను చేసి పంపుతాను, మీ దగ్గర గేట్లు చేసే వెల్డింగతను ఉన్నాడు కదా, అతనితో కింద అతికించుకుందువు గాని. అవి వచ్చేదాకా ముట్టుకోకు. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, ఛాసీస్ కింద, అంటే బండిని మోసే ఆ పొడుగు ఇనప దూలాల కింద, గట్టి మొద్దులు పెట్టండి. ఇంకో సంగతి కూడా ఉంది, అది పీటలతో పాటు రాస్తాను.

తమ్ముడు

---

ఇంటి నుంచి,
నడుం పట్టేసి మంచం మీద నుంచి

తమ్ముడూ,

నీ పీటలు రాలేదు. ఎక్కడ ఆగిపోయాయో ఆ పార్సిలు వాళ్ళకే తెలియాలి. నెలాఖరు దగ్గర పడుతోంది, నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. చెప్పేస్తున్నాను, తిట్టుకో.

ఎదురింటావిడ, నేను కలిసి పొద్దున్నే మొదలుపెట్టాం. మొద్దులు పెట్టాం, అది మాత్రం నువ్వు చెప్పినట్టే చేశాం. యూ బోల్టులు విప్పేసరికి నా అరచేతుల తోలు ఊడింది. ఇరుసు కిందికి దిగింది. అప్పుడు ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, "వదినా, పీటలు పైనున్నాయి, మనకి కిందుండాలి, అంతే కదా? దీని కోసం మీ తమ్ముడు కొత్తవి చెయ్యడం, పార్సిలు కట్టడం ఎందుకు? ఇరుసునే బోర్లిస్తే పీటలు కిందికి రావూ?" అంది.

నాకు దండం పెట్టాలనిపించింది. ఇంత తేలికైన ఉపాయం నీకెందుకు తట్టలేదా అని నీ మీద జాలి కూడా పడ్డాను.

బోర్లించాం. ఆవిడ గోడౌను నుంచి చైను కప్పీ తెచ్చింది, లేకపోతే మా ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. పీటలు చక్కగా కిందికొచ్చాయి, కమాన్ల మీద ముద్దుగా కూర్చున్నాయి. బోల్టులు బిగించాం. ఇంజను నుంచి వచ్చే కడ్డీ కూడా తగిలించింది. మొద్దులు తీశాం. బండి మెల్లగా, ఊపిరి వదిలినట్టు కిందికి దిగింది తమ్ముడూ. ముందూ వెనకా ఒకే గీత. ఖాళీ బండే, అయినా ఏదో నిండుగా వేసుకున్నట్టుంది.

"బయటికి తీసి వెలుగులో చూద్దాం" అని ఆవిడే ఎక్కి స్టార్ట్ చేసింది. షెడ్డు నుంచి బయటికి రావాలంటే ముందుకే కదా రావాలి. ఫస్టు గేరు వేసింది. బండి వెనక్కి పోయింది! వెనక గోడకి ఆనించిన రేకుల మీద పడి ఊరంతా వినబడేలా మోత. "రివర్సు పడిందేమో చూడు" అన్నాను. ఆవిడ చూసి మళ్ళీ వేసింది. మళ్ళీ వెనక్కే. "వదినా, నేను రోజూ గోడౌన్లో సగం పని వెనక్కి నడిపే చేస్తాను, వెనక్కి అంటే నాకు తెలియదా? ఇది ఫస్టు గేరే!" అని అరుస్తోంది. నిజం చెప్తున్నాను, చిన్నాయే వెనక నుంచి పట్టి లాగుతున్నాడనుకున్నాను.

మోతకి మీ బావ వచ్చాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు, యూనిఫాం మీదే షెడ్డు గడపలో నిలబడి ఉన్నాడు. సమంగా నిలబడ్డ బండిని చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"ఏ గేరు?" అన్నాడు.

"ఫస్టే అన్నయ్యా, ఒట్టు" అంది ఎదురింటావిడ.

"నువ్వు దిగమ్మా."

ఎక్కి కూర్చున్నాడు. చేతులు స్టీరింగు మీద పెట్టుకున్నాడు. తర్వాత రివర్సు వేశాడు. బండి ముందుకి, పిల్లి అడుగులా ముందుకి నడిచి వెలుగులోకి వచ్చింది. దిగాడు. ఉతికిన చొక్కాతో అలాగే మట్టిలో పడుకుని కిందికి చూశాడు. ఎంతకీ లేవడు. ఏమైందో అని నేను వంగి చూస్తే, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"తల్లకిందులు చేశారే! ఎన్నాళ్ళ నుంచో గేరు వేస్తున్నాను, బండి ముందుకే పోతోంది. ఎందుకు ముందుకే పోవాలి అని ఒక్కనాడు కూడా అడగలేదు నేను!" అన్నాడు. మళ్ళీ నవ్వు. ఆ తర్వాత అది నవ్వు కాదు. ఎదురింటావిడ తన జాకీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకలా అయిందో రాయి. మీ బావ కూడా అడగమన్నాడు.

అక్క

---

షాపు నుంచి,
పని మొత్తం ఆపించి

అక్కా,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. సుత్తి పట్టుకున్నవాడు సుత్తి పడేసి మరీ నవ్వాడు. తర్వాత అందరం ఒక ఇరుసు చుట్టూ కూర్చుని ఎందుకని చూశాం. తెలిసినదే, కానీ కళ్ళతో చూస్తే వింతగానే ఉంది.

నువ్వు చెప్పిన ఆ పొట్టలో ఒక పెద్ద పళ్ళచక్రం ఉంటుంది. అది నడుమ ఉండదు, కడ్డీకి ఒక పక్కన ఉంటుంది. కడ్డీ తిరిగి దాన్ని తిప్పుతుంది. మీరు ఇరుసు బోర్లించేసరికి ఎడమ పక్కన ఉన్నది కుడి పక్కకి పోయింది. కడ్డీ ఎప్పట్లాగే తిరుగుతోంది, చక్రాలు మాత్రం ఎదురు తిరుగుతున్నాయి. ఇన్ని వెనక గేర్లు, ఒకే ఒక్క ముందు గేరు ఉన్న బండి మీ ఇద్దరి దగ్గర తప్ప ఎక్కడా ఉండదు. నవ్వింది చాలు, దాన్ని అలా నడపొద్దు, నూనె కారిపోతుంది, బ్రేకుల్ని నమ్మలేం. మళ్ళీ తిరగేసి, నా పీటలే వాడండి. ఈపాటికి వచ్చి ఉంటాయి.

ఇక ఆపి ఉంచిన సంగతి. కోప్పడకు. బావ నాకు ఫోన్ చేసిన మాట నిజం. "మీ అక్కకి ఏమీ చెప్పకు, నెలాఖరు దాకా ఎలాగోలా జరుపు, బండి వెళ్ళిపోతే మరిచిపోతుంది" అన్నాడు. అందుకే మొదట అలా రాశాను. అందుకే ఇది కూడా దాచాను.

ఇరుసు పైకి వెళ్ళాక దానికీ పైనున్న ఛాసీస్‌కీ మధ్య చోటుండదు. గతుకు వస్తే ఇరుసు ఎగిరి ఛాసీస్‌ని కొడుతుంది. అందుకని రెండు పక్కలా ఛాసీస్‌ని అర్ధచంద్రంలా కోసి, చుట్టూ గట్టి రేకు అతికించాలి. అది చేస్తేనే దించడం పూర్తయినట్టు. కానీ కోశాక ఆ బండి మీద ఇటుకలు వెయ్యడానికి నేను ఒప్పుకోను. ఒక్కసారి నిలబెట్టి తర్వాత ఇచ్చేస్తానన్నావు. రెండూ కుదరవక్కా. కోస్తే ఇవ్వలేవు, ఇవ్వాలంటే కొయ్యలేవు.

నిన్న బావ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి ఏమడిగాడో తెలుసా? "ఎక్కడ కొయ్యాలి?" అన్నాడు. నేను చెప్పలేదు. మీ ఇద్దరూ మాట్లాడుకున్నాక చెప్తానన్నాను.

తమ్ముడు

---

ఇంటి నుంచి,
వసారాలో, పక్కన మీ బావ ఉండగా

తమ్ముడికి,

మాట్లాడుకున్నాం. ఇన్నాళ్ళ తర్వాత ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం కొత్త సంబంధం చూసుకున్నట్టు ఉంది.

నేనే ముందు వెనకడుగు వేశాను. "వద్దులెండి, మీ మాట పోతుంది. ఆ పిల్లాడు ఆశ పెట్టుకుని ఉన్నాడు, వాడికి ఇచ్చేద్దాం" అన్నాను. అంటూనే షెడ్డు వైపు చూశాను. మీ బావ ఫోన్ తీసి వాళ్ళ చెల్లెలికి చేశాడు. "అమ్మా, బండి ఇవ్వలేను" అన్నాడు.

ఆవిడ ఊరుకుంటుందా? ఇవతలకి వినబడేంత గట్టిగా అంది. "పోయినవాడి ముచ్చట కోసం ఉన్నవాడి నోటి దగ్గర కూడు లాగుతావా అన్నయ్యా?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేనైనా అదే అనేదాన్ని. మీ బావ "అవునమ్మా, అంతే" అన్నాడు. తర్వాత ఈయనే, "నా సెలవు రోజుల్లో అద్దెబండి కట్టుకుని వాడి ఇటుకలు నేను తోలి పెడతాను. వాడు సొంతంగా ఒకటి కొనుక్కునేదాకా తోలుతాను" అన్నాడు. స్టీరింగు ముట్టనన్న మనిషి! ఆవిడ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఇంకా కోపంగానే ఉంది. ఉండనీ.

ఎక్కడ కొయ్యాలో నువ్వు చెప్పావట, ఈయన సుద్దముక్కతో గీసుకున్నాడు. వెల్డింగతను కటింగ్ మిషను తెచ్చి "నేను కోస్తా, మీరు జరగండి" అంటే ఇవ్వనన్నాడు. నిప్పురవ్వలు వర్షంలా పడుతున్నాయి. ఆ రవ్వల వెలుగులో ఈయన మొహం అచ్చం వాడి మొహమే. నాకు ఇన్నేళ్ళూ వాడిది మా పుట్టింటి పోలికేనని గొప్పగా ఉండేది. చూస్తూ నిలబడిపోయాను.

కోసిన రెండు ముక్కలు కింద పడి టింగుమన్నాయి. ఇక వెనక్కి పోయేది లేదు. ఆ తర్వాత నీ పీటలు అతికించారు, ఇరుసు తిన్నగా తిప్పి ఎక్కించాం. ఎదురింటావిడ ప్రతి బోల్టు దగ్గరా "ఇది పైనా, కిందా?" అని అడిగి మరీ బిగించింది. బుద్ధొచ్చిందట.

అక్క

---

షాపు నుంచి,
నిలబడే రాస్తున్నాను

అక్కా,

ఎలా ఉందో రాయలేదు. దిగిందా? నడిచిందా? ఏ గేరుకి ఎటు పోతోంది? వెంటనే రాయి, ఇక్కడ సుత్తివాడు రోజూ అడుగుతున్నాడు. అతని కోసమే అడుగుతున్నానని అనుకో.

తమ్ముడు

---

ఇంటి నుంచి,
ఇప్పుడే బండి దిగి వచ్చి

తమ్ముడికి,

నడిచింది. ముందుకే నడిచింది.

ఎలా ఉందో రాయమన్నావు. నాకు మాటలు చాలవు, ఉన్నవాటితోనే రాస్తాను. ఎక్కడానికి కాలెత్తలేదు, మన ఇంటి మెట్టు మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. వీధిలోకి వచ్చాం. రోడ్డు నా పక్కనే ఉంది తమ్ముడూ, చెయ్యి చాపితే అందేంత దగ్గర. రోజూ నడిచే రోడ్డే, దాని మీద ఇన్ని రంగుల రాళ్ళున్నాయని నాకు తెలియదు. బస్సుల చక్రాలు మా తలలంత ఎత్తున తిరుగుతున్నాయి. ఈయన "ఇన్నాళ్ళూ నేను ఆ పైనుంచి చూశానే, కింద ఇంతుందా!" అని చిన్నపిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు. జనం ఆగి చూస్తున్నారు. ఒక ముసలాయన చేతికర్ర ఎత్తి మరీ చూపించాడు. నీళ్ళ మీద పడవ పోతే ఎలా ఉంటుంది, అలా ఉంది. ఎందుకు దించుతావురా అని వాణ్ణి ఎన్నిసార్లు విసుక్కున్నానో. వాడు చెప్పలేక కాదు, ఇది చెబితే తెలిసేది కాదు.

ఊరి చివర బడి దగ్గర స్పీడు బ్రేకరు ఉంది. ఈయన ఆపినంత పని చేసి, బండిని ఏటవాలుగా తిప్పి, నిద్రపోతున్న పసిపిల్లని మంచం మీద దించినట్టు ఒక్కో చక్రమే ఎక్కించాడు. అయినా కింద ఎక్కడో గర్రుమని గీసుకుంది. ఇద్దరం ఒకేసారి "అబ్బా" అన్నాం. పక్కకి ఆపి, దిగి, రోడ్డు మీదే వంగి చూశాం. కింద ఒక గీత పడింది, అంతే.

ఈయన చెయ్యి దులుపుకుంటూ, "మీ తమ్ముణ్ణి అడుగుదామా? ఒక్క అరంగుళం పైకి లేపితే ఇక తగలదు" అన్నాడు.

"వద్దు, నెమ్మదిగా పోదాం" అన్నాను.

నెమ్మదిగానే వచ్చాం.

అక్క